మూడు ఆవులు, రెండు గింజలు

మదనపల్లెలో ఇల్లు, పుంగనూరు దాటి ఇంకాస్త దూరం పోతే బడి. ఇరవై రెండేళ్లుగా ఈ బస్సుల్లో ఊగి ఊగి నడుము పడిపోయింది. బడికి చేరగానే సెల్‌ఫోన్‌కు మొహం చూపించి హాజరు వేయాలి, తర్వాత గుడ్ల లెక్క, తర్వాత మరుగుదొడ్ల ఫొటో. పిల్లల మొహాలు చూసేసరికి సగం ప్రాణం పోయుంటుంది. ఇది చాలదన్నట్టు ఆటలతో పాఠాలు చెప్పాలని పైనుంచి ఇంకో ఆర్డరు వచ్చింది. ఆడించాలి, ఆడించినట్టు ఫొటో కూడా పెట్టాలి.

విసుక్కుంటూనే మొదలుపెట్టాను. ఐదో తరగతిలో భాగహారం అంటే తెల్లమొహం వేసే అమ్మాయి ఒకతె ఉండేది. వాళ్లమ్మ ఒకరోజు గేటు దగ్గర నిలబడి తేల్చి చెప్పేసింది.

“మేడమ్, దీనికి లెక్కలొస్తే ఆరో తరగతికి పుంగనూరికి పంపిస్తా. రాకపోతే ఆవులు మేపేదానికి పోతాది. ఇంటికాడ రెండుండాయి, నేనొక్కదాన్నే యాడని సూసేది?”

అన్నంత పనీ చేసే మనిషి. నాకు భయమేసింది.

పిల్లలకు ముందే తెలిసిన ఆటయితే నాకు శ్రమ తగ్గుతుందని గుంతలాట ఎంచుకున్నాను. మట్టిలో రెండు వరసల గుంతలు తవ్వి, చింతగింజలు ఒక్కొక్కటిగా వేసుకుంటూ పోవాలి. ఏ గుంతలో నాలుగు గింజలు చేరితే ఆ గుంత గలవాళ్లు “ఆవు!” అని అరిచి వాటిని ఎత్తేసుకోవాలి. మా పిల్లలకు నాలుగు గింజలంటే ఆవే. నేనూ దాన్నే పట్టుకున్నాను. పిడికెడు గింజలు పోసి, “ఎన్ని ఆవులొచ్చాయి? ఎన్ని మిగిలాయి?” అని అడిగేదాన్ని. ఆ అమ్మాయి వారం తిరక్కుండా అందరికంటే ముందు చెప్పసాగింది. ఒకరోజు గింజలు ముట్టుకోకుండానే చెప్పేసింది. అబ్బ, ఎన్నాళ్లకో బడిలో ఉన్నందుకు సంతోషమనిపించింది.

తర్వాత పరీక్ష పెట్టాను. నాలుగుతో భాగించే లెక్కలు ఐదు. ఆ మర్నాటి నుంచే నాకు కుప్పంలో మూడు రోజుల శిక్షణ. దేనికయ్యా అంటే, ఆటలతో ఎలా నేర్పాలో నేర్పడానికి! మూడు రోజులూ ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోబెట్టి తెర మీద బొమ్మలు చూపించారు, ఆట మాత్రం ఒక్కటీ ఆడించలేదు. తిరుగు బస్సులో, తల పగిలిపోతుంటే, పేపర్లు ఒళ్లో పెట్టుకుని దిద్దాను. ఆ అమ్మాయి పేపర్లో ఏవో ఆవులు కనిపించాయి. ఖర్మ, లెక్కల పరీక్షలో ఆవు వ్యాసం రాసి పెట్టిందే అనుకుని, ఐదింటికీ ఇంటూ కొట్టి సున్నా వేశాను.

సోమవారం పేపర్లు పంచాను. మర్నాటి నుంచి ఆ పిల్ల రాలేదు. గురువారం వాళ్లమ్మ పేపరు పట్టుకుని వచ్చింది.

“సూడండి మేడమ్, లెక్కల్లో గూడా ఆవులే రాసిండాది. దాని మనసు ఆడే ఉంటే మీరు మాత్రం ఏం జేస్తారు? పేరు తీసేయండి.”

పేపరు తీసుకుని ఈసారి చదివాను. పద్నాలుగును నాలుగుతో భాగించమంటే, గుండ్రటి అక్షరాలతో రాసింది: మూడు ఆవులు, రెండు గింజలు. మిగతావీ అట్లే. ఐదూ సరైనవే. ఐదింటి మీదా నా ఎర్ర ఇంటూలు.

“తప్పు నాదమ్మా. పిల్ల కరెక్టుగానే చేసింది. నేనే సరిగ్గా సూడకుండా కొట్టేసినాను” అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. “నేర్పించిన మీకే తెలీలేదా?”

సిగ్గుతో చచ్చిపోయాను. అక్కడే నేల మీద గింజలు పోసి ఆమెకు చూపించాను. ఇంటూలన్నీ కొట్టేసి రైట్లు పెట్టి, కింద సంతకం చేసిచ్చాను. ఆమె పేపరు మడిచి పట్టుకుని, “సరే, పంపిస్తాలే” అనేసి వెళ్లిపోయింది.

శుక్రవారం పిల్ల వచ్చింది. నేనే గుంతల దగ్గరికి పిలిచాను. ఒక్కొక్క గింజా వేసుకుంటూ పోయింది. తన గుంతలో నాలుగో గింజ పడింది. చుట్టూ ఉన్న పిల్లలు ఎత్తుకో, ఎత్తుకో అని అరుస్తున్నారు. తను ఎత్తలేదు. నా చేతిలోని ఎర్ర పెన్ను వైపు చూసి, మెల్లగా అడిగింది.

“మేడమ్, ఇప్పుడు ఆవనాలా, నాలుగనాలా?”