ఎత్తగూడని ఫోను

కడప బస్టాండుకు ఎదురు సందులో, కువైట్ టికెట్లు బుక్ చేసే ట్రావెల్స్ ఆఫీసు మెట్ల కింద ఒక టేబులు, రెండు ప్లాస్టిక్ కుర్చీలు. మా కంపెనీ అంటే మొదట్లో అంతే. ఒక కుర్చీలో ఓనరు అన్న, ఇంకో కుర్చీలో నేను. కస్టమరు వస్తే నేను లేచి నిలబడాలి. రోజంతా కూర్చునే ఉండేదాన్నంటే కంపెనీ ఎట్లా నడిచేదో మీరే ఊహించుకోండి.

అన్న అంతకు ముందు రీచార్జి కొట్టు నడిపినవాడు. ఆయన కనిపెట్టిన సంగతి చిన్నదే. కడప చుట్టుపక్కల ఊళ్ళనుంచి కువైట్ పోయేవాళ్ళు విమానం దిగగానే ఇక్కడి సిమ్ము మూగబోతుంది. అక్కడ కొత్త నంబరు, అది ఇంట్లోవాళ్ళకు నోరు తిరగదు. మా రోమింగ్ సిమ్ము వేసుకుంటే ఊళ్ళో వాడిన నంబరే అక్కడా మోగుతుంది. నెట్ కాల్సు ఉన్నాయి గదా అంటారు మీరు. పనిచేసే ఇళ్ళలో వైఫై పాస్‌వర్డు ఎవరిస్తారండీ మనకు?

ఈ సంగతి నాకు ఎవరో చెప్పింది కాదు. మా అమ్మ కువైట్ పోయినప్పుడు నేను నాలుగో తరగతి. నాన్న అంతకు ముందే చనిపోయాడు. డోన్‌లో మా అవ్వ నన్ను పెంచింది. మా అత్తలు, పెద్దమ్మలు అందరికీ తెలిసిందేమంటే, అమ్మ అక్కడ టైలరింగ్ షాపులో బట్టలు కుడుతోందని. నిజానికి అమ్మ ఒక పెద్ద ఇంట్లో వంట చేసి, గిన్నెలు కడిగి, ముగ్గురు పిల్లల్ని సాకేది. ఆ నిజం తెలిసింది అవ్వకూ నాకూ మాత్రమే. రెండు మూడేళ్ళకోసారి సెలవు మీద వచ్చేటప్పుడు రెడీమేడ్ గౌన్లు తెచ్చి, నేనే కుట్టినానని అత్తలకు పంచేది. అత్తలు గౌను తిరగేసి కుట్టు చూసి మెచ్చుకుంటుంటే నేను తల వంచుకుని పల్లీలు ఒలిచేదాన్ని. ఒకసారైతే మా చిన్నత్త ఆరు జాకెట్టు ముక్కలు తెచ్చి ఒళ్ళో పెట్టింది. పాపం, అమ్మ ఆ సెలవంతా కుడుతూనే కూర్చుంది!

కంపెనీ పెట్టిన మూడో నెలలో మా అన్నకు పిచ్చి పట్టినంత పనైంది. కంప్యూటర్‌లో చూస్తే వేలకు వేలు కాల్సు పోతున్నాయి, వస్తున్నాయి. మాట్లాడిన నిమిషాలు మాత్రం సున్నా. బెంగళూరులో మాకు లైన్లు ఇచ్చిన టెక్నికల్ వాళ్ళకు ఫోన్ చేసి అరిచాడు.

"ఏమప్పా, మావోళ్ళు పొద్దస్తమానం ఫోన్లు చేస్తాండారు. మీ మిషన్ ఒక్క నిమిషం గూడ చూపీలే. ఏం పీకులాట పెట్టినారప్పా మాకు?"

వాళ్ళొక ఇంజనీరును పంపించారు. ఆయన పొద్దున్నించి సాయంత్రం దాకా అన్నీ పరీక్ష చేసి, అంతా బాగుందన్నాడు. అన్న ఆయన మీద కూడా లేచాడు. నేను ఆ కాల్స్ జాబితా ఒకసారి చూశాను. నాలుగు సెకన్లు మోగింది, ఆగిపోయింది. ఎనిమిది సెకన్లు మోగింది, ఆగిపోయింది. పేజీలకు పేజీలు అంతే. నాకు నవ్వు ఆగలేదు.

"అన్నా, మిషన్ శానా బాగుండాది. మనోళ్ళు మిస్డ్ కాల్స్ ఇచ్చుకుంటాండారు!"

ఆయన నా మొహం చూశాడు. కడపలో పుట్టి, కొట్టులో పదేళ్ళు రీచార్జీలు చేసిన మనిషికి ఇది తట్టలేదంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. మా ఇళ్ళలో ఒక్కో ఇంటికి ఒక్కో లెక్క ఉంటుంది. మా ఇంట్లో ఒక రింగంటే బాగున్నాను అని. రెండు రింగులంటే మీరు బాగున్నారా అని. మూడో రింగు మోగిందంటే ఫోనెత్తాలి, ఏదో జరిగింది. రోజూ పొద్దున నేను స్కూలుకు పోయే ముందు అమ్మ రింగు వచ్చేది. అది ఎత్తామో, అవ్వ చేతిలో నా వీపు పగిలేది. పదిహేడేళ్ళు, దేవుడి దయ, మూడో రింగు రాలేదు.

అన్న ఇదంతా విని ఆ జాబితాను ఇంకోసారి పైనుంచి కిందికి చూశాడు. తర్వాత నింపాదిగా అడిగాడు.

"అయితే మనం అమ్మేది ఏందమ్మా?"

"రింగన్నా," అన్నాను.

ఆ మరుసటి రోజు నుంచి ఆయన నాకో పని పెట్టాడు. వచ్చిన ప్రతి కస్టమరునూ మీ ఇంటి రింగు లెక్క ఏందని అడిగి రాయాలి. అబ్బ, ఆ నోట్‌బుక్కు! ఆత్మకూరు ఆమె మొగుడు రోజూ సరిగ్గా ఆరింటికి ఒక రింగు ఇస్తాడు, ఆమె దాన్ని బట్టి గోడ గడియారం సరిచేసుకుంటుంది. బనగానపల్లె ముసలామె తోటలో మొదటి కాయ పండిన రోజు కొడుక్కి వరసగా నాలుగు రింగులు ఇస్తుంది. ఒక మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకుంటే రింగులోనే పోట్లాడుకుంటారట. అతను ఒకటి ఇస్తే ఆమె ఇవ్వదు, అదే అలక. వాళ్ళు చెబుతుంటే నేను రాస్తూ, నవ్వుతూ, మధ్యలో కళ్ళు తుడుచుకుంటూ ఉండేదాన్ని. నాకు తెలియకుండానే ఆ పుస్తకంలో మాటలు లైన్లుగా విరగడం మొదలుపెట్టాయి.

ఆ పుస్తకం నుంచి రెండు పుట్టాయి. ఒకటి కంపెనీ యాప్. అందులో ఒక్క బటన్ నొక్కితే, మీ ఇంట్లో అనుకున్న మాట మీవాళ్ళ ఫోన్లో పడుతుంది, దానితో పాటు అర నిమిషం మీ గొంతు. అది ఉచితం. అర నిమిషం గొంతు విన్నవాళ్ళకు అర నిమిషం చాలదు గదా, తర్వాత నిజంగానే ఫోన్లు మాట్లాడడం మొదలుపెట్టారు. ఏడాదికి మెట్ల కింద నుంచి మొదటి అంతస్తుకు ఎక్కాం. ఇంకో ఏడాదికి ట్రావెల్స్ వాళ్ళు ఖాళీ చేస్తే ఆ ఆఫీసూ మాదే. కర్నూలులో బ్రాంచి, డోన్‌లో బ్రాంచి, బనగానపల్లెలో బ్రాంచి! కొత్త బోర్డు ఎక్కిస్తున్న ప్రతిసారీ నేను కింద నిలబడి పెళ్ళివారి ఇంటి మనిషిలా ఎడమకు, కుడికి అని అరుస్తూ ఉండేదాన్ని.

రెండోది నా కవిత. కర్నూలులో కొండారెడ్డి బురుజుకు కొంచెం దూరంలో ఒక టీ దుకాణం పైన ఆదివారం పూట కుర్రకారు చేరి మైకులో కవితలు చెప్పుకుంటారని విన్నాను. బస్సెక్కి పోయాను. నా ముందు చెప్పినవాళ్ళంతా వెన్నెల, మౌనం, శూన్యం అంటున్నారు. నా దగ్గర కాగితం లేదు, అంతా నోటికే. మైకు పట్టుకుని ఇట్లా మొదలుపెట్టాను:

"ఒక రింగంటే, బాగుండా.
రెండు రింగులంటే, బాగుండావా?
మూడో రింగు మోగితే ఎత్తు.
ఎత్తగూడదని ఫోను ముందర కూసోని
నేను ఎక్కాలు నేర్చుకుంటి."

రెండో లైనుకే ఎవరో "మా ఇంట్లో గూడ అంతే!" అని అరిచారు. ఇంకొకరు "మా ఇంట్లో ఒక రింగంటే తలుపు తియ్యి అని!" అన్నారు. కవిత మధ్యలో జనం తమ లెక్కలు చెప్పుకోవడం నేనెక్కడా చూడలేదు. దిగి వస్తుంటే కాళ్ళు నేల మీద ఆనలేదు. నంద్యాల, తిరుపతి, బెంగళూరు, ఎక్కడ పిలిస్తే అక్కడికి సెలవు పెట్టి పోయాను. హైదరాబాదులో ఒక నిర్వాహకుడు మీ యాడ, ఈడ మాటలు కొంచెం తగ్గించండి, ఇక్కడివాళ్ళకు అర్థం కాదన్నాడు. "అర్థం గానోళ్ళను మా ఊరికి పంపీండి, బస్సుండాది," అన్నాను. ఆ రోజు కావాలనే ఇంకా రెండు ఎక్కువ వేశాను.

కానీ ఆ కవితలో మూడో ముక్క ఒకటి ఉంది. అమ్మ ఎవరింట్లోనో గిన్నెలు కడగడం, వాళ్ళ పాపకు జడ వేయడం, దుడ్లు మిగలాలని రింగు కట్ చేయడం. హాలు నిశ్శబ్దమయ్యేది, చప్పట్లు మారుమోగేది అక్కడే. నాకు తెలుసు. తెలిసే ప్రతిచోటా చెప్పాను. పదిహేడేళ్ళు అమ్మ దాచుకున్నదాన్ని ఇన్ని ఊళ్ళలో మైకు పెట్టి చెప్పాను, అమ్మకు మాత్రం చెప్పలేదు. అమ్మకు తెలిసింది, నేను కంపెనీలో పనిచేస్తున్నానని మాత్రమే. డోన్‌లో మా వాళ్ళు కవితలు వినే రకం కాదని ధైర్యం.

అన్న చెప్పిన ఒక్క మాటతో ఆ ధైర్యం ఎగిరిపోయింది. కువైట్‌లోనే మా ఆఫీసు తెరుస్తున్నాం! శుక్రవారం అక్కడ సెలవు కాబట్టి ఆ రోజే. అక్కడొక హాల్లో కస్టమర్లు, ఇక్కడ కడప ఫంక్షన్ హాల్లో వాళ్ళ ఇళ్ళవాళ్ళు, నడుమ పెద్ద స్క్రీను. నేను కవిత చెప్పాలి. ఇంతవరకు నేనూ గంతులేశాను.

"నీకు చెప్పకుండా ఇంకో పని చేసినాను," అన్నాడు అన్న, మొహం వెలిగిపోతూ. "డోన్ నుంచి మీ వాళ్ళందరికీ బండి పెట్టినా. ఆడ మీ అమ్మను గూడ పిలిపిస్తాండా."

నవ్వుతూ థాంక్స్ చెప్పి, బాత్రూంలోకి పోయి గడియ పెట్టుకున్నాను. మళ్ళీ బయటికి వచ్చి అమ్మకు ఫోన్ చేశాను. కవిత మొత్తం చెప్పాను, మూడో ముక్కతో సహా. ఎన్ని ఊళ్ళలో చెప్పానో అదీ చెప్పాను. అవతల కుళాయి నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది.

"అమ్మా?"

"పని ఉండాది పాపా. పెట్టేస్తాండా."

ఆ తర్వాత ఆరు రోజులు అమ్మ దగ్గర నుంచి ఒక్క రింగు రాలేదు. పదిహేడేళ్ళలో అట్లా ఎప్పుడూ లేదు. నేను చేస్తే ఎత్తలేదు. నన్ను నేను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయలేను. చప్పట్ల కోసం కన్నతల్లిని వీధిలో పెట్టానే అని ఒకటే బాధ.

శుక్రవారం మధ్యాహ్నం ఫంక్షన్ హాలు కిటకిటలాడింది. రెండో వరుసలో మా వాళ్ళు పట్టుచీరల్లో, చిన్నత్త అందరికంటే ముందుకు వంగి. స్క్రీను వెలగగానే హాలంతా లేచి చేతులూపింది. అదుగో మా మామ, అదుగో నాయన అని అరుపులు, కేకలు, ఈలలు! అక్కడివాళ్ళూ లేచి చేతులూపుతున్నారు. మూడో వరుసలో అమ్మ, నెత్తిన కొంగు కప్పుకుని. చెయ్యి ఎత్తలేదు. అయినా వచ్చింది.

మైకు తీసుకున్నాను. అప్పటికే తేల్చుకున్నాను. మొదటి ముక్క చెప్పాను, హాలు ఊగిపోయింది. రెండోది చెప్పాను. మూడోది మింగేసి నాలుగో దానిలోకి పోయాను. ఎవరికీ తెలియలేదు.

"ఆగు పాపా."

స్పీకర్లలోంచి వచ్చింది ఆ గొంతు. స్క్రీను మీద అమ్మ లేచి నిలబడి ఉంది. అక్కడి మా మనిషి ఆమె చేతికి మైకిస్తున్నాడు.

"నడుమ ఒకటి ఇడ్సిపెట్టినావు," అంది.

హాల్లో ఇంతమందీ ఒకసారి నన్ను, ఒకసారి స్క్రీనును చూస్తున్నారు.

"నువ్వు చెప్తావా, నన్నే చెప్పమంటావా?"

నేను మైకు కిందికి దించేశాను. అమ్మ కొంగు సరిచేసుకుంది. వంట ఎట్లా చేయాలో చెప్పే గొంతుతో, తొందర లేకుండా చెప్పింది:

"నేను కుట్టేది బట్టలు గాదు. ఒకరింట్లో వండుతా, గిన్నెలు కడుగుతా, వాళ్ళ పాపకు జడేస్తా. అంతవరకు మా పాప సరిగ్గానే రాసింది. ఒకటి మటుకు తప్పు రాసింది. దుడ్లు మిగలాలని నేను రింగు కట్ చేస్తాంటినంట. గాదు. ఆమె ఎత్తి, గొంతు నా చెవిన పడితే ఆ పొద్దంతా నాకు చేతులు ఆడవు. అందుకే ఎత్తకముందే పెట్టేస్తాంటి."

హాల్లో ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. నేను రెండో వరుస వైపు చూడలేక చూశాను. చిన్నత్త లేచింది. పట్టుచీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని, కుర్చీలు తోసుకుంటూ స్క్రీను కిందికి పోయి నిలబడింది. మైకు లేదు, గొంతే మైకు.

"వదినా! అన్నం తిన్యావా?"

"ఇంగా లేదు," అంది అమ్మ, నవ్వుతూ ఏడుస్తూ. "ఇప్పుడు తింటా."