పోలమ్మక్క తాడు పట్టుకోమన్న ఉదయం

పన్నెండు ఫోటోలతో ఒక ప్రదర్శన పెట్టుకున్నాను. పదకొండు సిద్ధం. అన్నీ విదేశాల్లో అనుకోకుండా ఎదురైనవే. వియత్నాంలో సైకిలు మీద తామరపూలు అమ్ముతూ నన్ను చూసి పకపకా నవ్విన అవ్వ, జార్జియాలో దారి తప్పి దూరిపోయిన పెళ్ళి, మొరాకోలో ఎడారి మీద కురిసిన వాన, ఇలాంటివి. పన్నెండోది మాత్రం మా నెల్లూరు తీరానిదే కావాలని పట్టుబట్టాను. దేశాలన్నీ తిరిగి సొంత సముద్రాన్ని వదిలేస్తే ఏం బాగుంటుంది? ప్రింటుకు ఇవ్వాల్సిన గడువు మర్నాటి సాయంత్రం. అంటే నాకున్నది ఒక్క ఉదయం. కోరుకున్నదీ ఒక్కటే, సూర్యుడు పైకొస్తుండగా పెద్ద వల ఒడ్డుకు చేరే దృశ్యం.

ఆ రోజే నెల్లూరులో ప్యాసింజరు ఎక్కి బిట్రగుంటలో దిగి, పాత రైల్వే కాలనీలో స్నేహితుడి క్వార్టర్‌లో పడుకున్నాను. పొద్దున ఐదింటికల్లా ఆటో వచ్చింది. సముద్రం దాకా వెళ్ళి, అక్కడ ఆగి, మళ్ళీ స్టేషన్‌కు తెచ్చేందుకు ఏడు వందలకు మాట్లాడుకున్నాం. నడిపే డానియేలు దారి పొడవునా ఆదివారం ఆరాధనలో పాడబోయే కీర్తన సాధన చేస్తూనే ఉన్నాడు. రొయ్యల చెరువులు దాటాక నా సంచీ వైపు చూసి, “సూర్యుడి కోసం ఇంత దూరం వచ్చినారా సార్? మాకు రోజూ ఊరికే వస్తాడే!” అన్నాడు. నాకు నవ్వాగలేదు.

మేము ఒడ్డునున్న జాలర్ల పాళెం చేరేసరికి వల అప్పటికే సముద్రంలో ఉంది. దాని రెండు కొసల తాళ్ళు ఒడ్డుకు వచ్చాయి. ఒక్కో తాడును వరుసగా నిలబడి లాగుతున్నారు. మగవాళ్ళలో సగం మంది చిట్టమూరు వైపు ఏదో పెళ్ళికి వెళ్ళారట, ఆడవాళ్ళే ఎక్కువగా ఉన్నారు. నేను కెమెరా బిగించుకుంటుంటే వల యజమానురాలు పోలమ్మక్క కేకేసింది.

“ఏందబ్బయా, ఆడ నిలబడి చూస్తా ఉండావు? మనుషులు చాలక మేం అల్లాడతా ఉంటే! వచ్చి తాడు పట్టుకో.”

“ఫోటో తీసుకోవాలక్కా.”

“తియ్యి. ముందు ఇది లాగినాక.”

డానియేలు అప్పటికే చొక్కా విప్పి తాడందుకున్నాడు. ఇక నాకు మొహం చెల్లలేదు. కెమెరాను సంచీలో పెట్టి, అతని వెనక నిలబడ్డాను. పది నిమిషాల్లో అయిపోతుందనుకున్నాను. రెండు గంటలు పట్టింది. అరచేతులు మండిపోయాయి. నా కళ్ళెదుటే తూర్పు ఎర్రబడింది, సూర్యుడు వచ్చాడు, పైకి వెళ్ళిపోయాడు. నేను కలగన్న ఫోటో అంతా నా ముందే జరుగుతుంటే రెండు చేతులూ తాడుకే ఉన్నాయి. ఏడుపొచ్చినంత పనైంది.

వల దగ్గరికి వచ్చేసరికి నీళ్ళలో ఉన్నవాళ్ళు అరిచారు. తాబేలు! గంపంత ఉంది, మెడ దగ్గర వల చుట్టుకుపోయింది. “ఎవురూ తాడొదలొద్దు!” అని పోలమ్మక్క గట్టిగా చెప్పింది. వదిలితే అల వలను వెనక్కి లాగుతుంది, తాబేలుకు ఉచ్చు ఇంకా బిగుస్తుంది. కాళ్ళు ఇసుకలో దించి బిగబట్టాం. ఒకతను కత్తితో వల కోస్తుంటే ఆ కంత గుండా చేపలు జారిపోవడం కనిపిస్తూనే ఉంది. “వల పోతోంది కదక్కా!” అన్నాను.

“వలయితే కుట్టుకుంటాం అబ్బయా. దాని పానం కుట్టగలమా?”

తాబేలు బయటపడింది. పోలమ్మక్క నీళ్ళలోకి దిగి, తన నుదుటి కుంకుమనే వేలితో తీసి దాని వీపు మీద బొట్టు పెట్టి దండం పెట్టుకుంది. “దేవుడు చేసిన జీవి సార్” అని డానియేలు గొణిగాడు. ఎర్రబొట్టుతో తాబేలు అలలోకి వెళ్ళిపోయింది. అంతటి దృశ్యం ఏ దేశంలోనూ నా కంటబడలేదు. కెమెరా పది అడుగుల దూరంలో సంచీలో ఉంది. అయినా అందరితో పాటు గొంతు చించుకుని అరిచాను. అంత సంతోషంగా ఎప్పుడు అరిచానో గుర్తు లేదు.

వలలో మిగిలిన చేపల్ని, నెత్తళ్ళు, కానాగంతలు, ఇసుక మీద వంతులుగా కుప్పలు పోశారు. పడవకు రెండు, వలకు రెండు, తాడు మీద చెయ్యేసిన ప్రతి మనిషికీ ఒకటి. నాకూ ఒకటి పోస్తుంటే వద్దన్నాను. “చెయ్యేసినాక వంతు ఉండాల్సిందే. వద్దంటే మాకు తప్పు” అని పోలమ్మక్క కసిరింది. అప్పుడు కెమెరా తీశాను. తొమ్మిది కావస్తోంది, ఫోటోగ్రాఫర్లెవరూ ఇష్టపడని తెల్లటి ఎండ. ఒకే ఒక్క ఫోటో తీశాను. నా వంతు చేపలు డానియేలు ఇంట్లో పులుసయ్యాయి. ఇద్దరం అన్నంలోకి కలుపుకుని తిని, మధ్యాహ్నం రైలుకు స్టేషన్ చేరాం.

పదేళ్ళుగా తిరుగుతున్నాను. ఎందరో పరాయివాళ్ళు నన్ను ఇళ్ళలోకి పిలిచారు, రొట్టె పెట్టారు, ఫోటోకు నవ్వారు. పనిలోకి మాత్రం ఎవరూ పిలవలేదు. అతిథిగా ఉండటం బాగుంటుంది గానీ, వంతు ఉన్న మనిషిగా ఉండటం ఇంకా బాగుంది. మీరూ అక్కడికి వెళ్తే ఐదున్నరకల్లా ఒడ్డున ఉండండి, తిరిగి రావడానికి కూడా ఆటో ముందే మాట్లాడుకోండి, తడిసినా పర్వాలేదనిపించే పాత బట్టలు వేసుకోండి. తాడు పట్టుకోమంటే కెమెరా లోపల పెట్టేయండి.

ఆ ఫోటోనే ప్రింటుకు పంపాను. ప్రింటు చేసే ఆయన ఫోన్ చేసి, “ఇదేంటి సార్, మనుషుల్లేరు, సూర్యుడు లేడు, ఉత్త చేపల కుప్పలేగా?” అన్నారు.

“ఎడమ నుంచి నాలుగోది నాదండీ” అన్నాను.