ఎర్రకంకుల శంకరవ్వ

ఇంజనీరు బంగ్లా ముందరి పూలమడి శంకరవ్వ చేతిదని బొగ్గుబావి కూలీలుండే లైన్లలో అందరికీ తెలుసు. ఇంజనీరు భార్య, దొరసాని, ఆ పూలను సాల్వియా అనేది. శంకరవ్వకు ఆ పేరుతో పనిలేదు. జొన్నకంకిలా నిటారుగా లేచి, పొడవునా ఎర్రగా పూస్తాయి గనుక ఎర్రకంకులు అంది. ఆకు నలిపితే తులసికి దగ్గరి చుట్టంలాంటి వాసన.

లక్సెట్టిపేట అవతలి పల్లెలో సెంటు భూమి లేక, పెనిమిటి ఎల్లేశం వెంట బావికి వలస వచ్చిన మనిషి ఆమె. అతను బావిలోకి దిగాడు, ఆమె బంగ్లా తోటలో కూలికి కుదిరింది. ఆంధ్ర, తెలంగాణ ఒక్క రాష్ట్రంగా కలిసిన కొత్తలో కోస్తా నుంచి బదిలీ మీద వచ్చారు ఇంజనీరు దంపతులు. దొరసాని చిటికెడు గింజలు చేతిలో పోస్తే, శంకరవ్వ ఇసుక కలిపి నారు పోసింది. ఎండ తగలకుండా ఈతాకు కప్పింది. నాలుగాకులు కాగానే తలలు తుంచింది. అలా తుంచితేనే పక్కలకు పిలకలు వేసి గుబురుకడతాయి. వాడిన కంకి కనబడితే తుంచేదాకా చెయ్యి ఊరుకునేది కాదు. పండుగనాడైనా తోట చూసి వచ్చాకే పొయ్యి ముట్టించేది.

ఆ ఏడు ఫాల్గుణంలోనే ఎండలు ముదిరాయి. లైన్లకున్న ఒక్క నల్లా సన్నబడి, చివరికి గాలి ఊదింది. బంగ్లా పైపు మాత్రం ఆగలేదు. ఇంజనీరుగారి పూలు ఎండకూడదని హుకుం ఉంది గానీ, బావిలోంచి బయటపడ్డ మనిషి ఒళ్లు కడుక్కోవాలని ఎవరి హుకుమూ లేదు. ఎల్లేశం బొగ్గుమసి ఒంటితోనే అన్నానికి కూర్చునేవాడు.

ఒక మధ్యాహ్నం పక్కింటి దుర్గవ్వ ఖాళీ బిందె బోర్లించి, దానిమీద కూర్చుని ఆడవాళ్లను పోగేసింది.

"రేపట్నుంచి ఒక్కతి గూడ బంగ్లాలకు పోవద్దు. అంట్లు తోముడు బంద్, తోట తడుపుడు బంద్. మనకు నీళ్లస్తెనే పోవుడు. ఏమే శంకరవ్వా, ఇనవడ్తుందా? పెండ్లి చెడిపోయినట్టు పెట్టినవేందే మొకం?"

ఆడవాళ్లు గొల్లున నవ్వారు.

"ఎర్రకంకులు సచ్చిపోతయక్కా."

"పూలకేనా పానం? నీ మొగనికి లేదా?"

దుర్గవ్వ అన్నది న్యాయమే. తానొక్కతి పోతే అందరి కట్టూ తెగుతుంది. పోకపోతే, ఆ ఎండకు మడి రెండుపూటలు నిలవదు.

పని బంద్ రేపటి నుంచి కదా. ఆ సాయంత్రం కొడవలి పట్టుకుని తోటకు పోయింది. మడి నిండుగా పూసి ఉంది. ఒక్కో మొక్కనూ జానెడు మిగిల్చి కోసేసింది. ఆకు లేని మొక్కకు దాహం తక్కువ. కోసిన కొమ్మలనే మొదళ్ల చుట్టూ మందంగా పరిచి, చివరి తడి పెట్టింది. తల ఎత్తేసరికి వరండాలో దొరసాని.

"ఎవరు చెప్పారే నీకీ పని? నిండుగా పూసినవాటిని నరకడానికి చేతులెలా వచ్చాయి?"

"బతుకాలెనని కోసినమ్మా. మాకు నీళ్లు అస్తలేవు. రేపట్నుంచి మేం రాము."

"ఓహో! కక్ష తీర్చుకున్నావన్నమాట. ఇక ఈ గేటు తొక్కకు."

ఆమె ఇల్లు చేరేలోపే కబురు లైన్లకు చేరింది. దుర్గవ్వ ఎదురొచ్చి వీపు చరిచింది.

"సెబాస్ శంకరవ్వా! దొరసాని ముక్కు కోసినంత పని చేసినవట!"

"ముక్కు గాదక్కా. ఆకుంటే నీళ్లకు ఏడుస్తయని కోసిన."

"గట్లనే చెప్పు! ఎవ్వలడిగినా గట్లనే చెప్పు!" అని దుర్గవ్వ కన్నుగీటింది.

ఎల్లేశం ఒక్కడే అడిగాడు. "మరి బతుకుతయా?"

"ఏమో," అంది శంకరవ్వ.

బంగ్లాల్లో అంట్లు గుట్టపడ్డాయి. పైపు నిండా నీళ్లున్నా, దాన్ని పట్టుకుని తోట తడిపే చెయ్యి లేదు. దొరసాని పైపు ముట్టదు. వారం తిరక్కముందే లైన్ల నల్లాకు నీళ్లు వదిలారు. ఆడవాళ్లందరినీ పనిలోకి రమ్మన్నారు, శంకరవ్వను తప్ప. శంకరవ్వనూ తీసుకోవాలని దుర్గవ్వ గేటు దగ్గర గొంతు చించుకుంది. మిగిలినవాళ్లు కాసేపు నిలబడి, ఒక్కొక్కరే లోపలికి పోయారు. వాళ్లను తిట్టలేం, పొయ్యి అందరికీ ఉంది. కానీ ఆ పూట వాళ్లు గేటు బయటే కూర్చుని ఉండాల్సింది.

శంకరవ్వ బొగ్గులో రాళ్లు ఏరే పనికి కుదిరింది. కొన్నాళ్లు బంగ్లా కంటపడకుండా చుట్టుదారిన నడిచింది. ఒక పొద్దున ఉండబట్టలేక బంగ్లా కంచె పక్కనుంచి పోయింది. కొత్తగా తోటపనికి వచ్చిన రాయమల్లు మడిలో పైపు వదిలి నిలబడ్డాడు. ఎండుకొమ్మల సందుల్లో, నీళ్లలో మునిగిన మోళ్ల కణుపుల దగ్గర, పెసరగింజలంత పచ్చటి చిగుళ్లు!

"ఓ రాయమల్లన్నా! పైపు బంద్ చెయ్యి! గన్ని నీళ్లకు ఏర్లు మురుగుతయ్!"

"నిన్ను తీసేసిండ్రు గద. నీకేం ఫికర్?"

"నన్ను తీసేస్తె తీసేసిండ్రు. పైపు బంద్ చెయ్యి ముందుగాల!"

రాయమల్లు వరండా వైపు ఓసారి చూసి, పైపు ఆపాడు. మడిలో నిలిచిన నీళ్లు ఇంకేదాకా శంకరవ్వ కంచె పట్టుకుని నిలబడింది. తర్వాత తట్ట చంకన పెట్టుకుని, పనికి ఆలస్యమైందని గబగబా నడిచింది.