తడి గోనెసంచి

మొన్న ఆదివారం గోపన్‌పల్లిలోని మా అపార్టుమెంటులో, నిప్పంటుకుంటే ఎలా దిగిరావాలో నేర్పుతామని అందరినీ కిందికి పిలిచారు. ఈ ఊరివాళ్ళం, మంటల సంగతి మాకు తెలుసని ఎవరు చెప్పారో ఏమో, ఈల ఊది అందరినీ ముందుండి నడిపించమని పసుపు కోటూ ఈలా తెచ్చి మా యారాలికి, అంటే మా బావగారి భార్యకు ఇచ్చారు. ఆమె తొడుక్కుంటుంటే నాకు కళ్ళు కుట్టాయి. ఈ వయసులో ఇదేం బుద్ధి అంటారేమో, ఇది నిన్నటిది కాదు, నేను కాపురానికి వచ్చిన నాటిది.

అప్పట్లో ఈ అద్దాల మేడలు ఎక్కడివి, ఊరి వెనక రాళ్ళగుట్ట, దాని నిండా గడ్డి. శివరాత్రి దాటిందంటే అదంతా ఎండిపోయి, ఎవరో పారేసిన బీడీ ముక్కకే గుట్టంతా అంటుకుని మా గడ్డివాముల మీదికి వచ్చేది. వాము కాలితే వానలు పడేదాకా బర్రెలకు మేత ఉండదు. అందుకని ముందే, గాలి లేని పొద్దు చూసి, గుట్టకూ వాములకూ నడుమ బండిబాటంత వెడల్పున గడ్డిని మేమే కాల్చి పెట్టేవాళ్ళం, కాలిన చోటికి వచ్చి పెద్ద మంట ఆగిపోయేది. కాగడా పట్టి అంటించే పెద్దరికం మా యారాలిది, తడి గోనెసంచితో వెనకే నడుస్తూ పక్కకు పాకిన మంటను కొట్టి ఆర్పే చాకిరీ నాది. ఊరంతా అంటించే మనిషినే చూస్తుంది గాని ఆర్పే మనిషిని ఎవరు చూస్తారు?

ఒక ఏడు ఉన్నట్టుండి గాలి తిరిగింది. మంట వాము దిక్కు పరుగెత్తితే, కొంగు నడుముకు చుట్టి, సంచి తడి ఆరిపోయేదాకా కొట్టి కొట్టి ఆర్పాను, అరచేతులు బొబ్బలెక్కాయి. సాయంత్రం అరుగు మీద మా మామగారు వచ్చిన వాళ్ళందరికీ ఒకటే మాట, "పెద్దకోడలు ఉండవట్టి గడ్డి దక్కింది" అని. లోపల మజ్జిగలో చేతులు ముంచుకుని కూర్చున్న నాకు ఆ మాట బొబ్బల కన్నా ఎక్కువ మండింది.

మొన్న అందరూ ఎదురుచూస్తున్నా ఆమె ఈల ఊదదే! ఎవరినో వెతికి వెతికి, చివరి వరసలో మూతి ముడుచుకుని నిలబడ్డ నన్ను చూసి, "ఉన్నవా? నువ్వు కనవడకుంటే నేనెట్ల ఊదుత?" అన్నది. ఆ రోజుల్లోనూ అంతే, వెనక్కి తిరిగి నన్ను చూసుకోనిదే ఆమె ఏనాడూ కాగడా వంచలేదు. ఆ సంగతి నాకు మొన్ననే తట్టింది.

గుట్ట పోయింది, వాములు పోయాయి, బర్రెలు పోయాయి, మామగారూ పోయారు. నా చేతులు ఎలా కాలాయో చూసిన మనిషి ఈ లోకంలో ఇప్పుడు ఆమె ఒక్కతే. అయినా సరే, ఆ పసుపు కోటు ఒక్కసారి నాకిస్తే ఏం పోయేది!