పిడికెళ్లతో కట్టిన ఫీజు

సహోదరులారా, మా నర్మెట్ట దిక్కు పగలు పోలీసులు, రాత్రయితే దొరల మీద తిరగబడ్డ సాయుధ దళాలు తిరిగే రోజులవి, ఆ రోజుల్లోనే నాకు హైదరాబాదులో బి.ఏ. సీటు దొరికింది, కాని ఫీజు కట్టే దారి మాత్రం మా ఇంట్లో ఎవరికీ కనబడలేదు. అప్పిచ్చేది ఊరి దొర ఒక్కడే. అది తీరేదాకా మా బాపు ఆయన దగ్గర జీతం ఉండాలి, అంటే పొద్దు పొడిచింది మొదలు పొమ్మనేదాకా వాళ్ల పశువుల వెంట, వాళ్ల పొలం వెంట ఉండడమే, అలా పోయినవాళ్లు ముసలివాళ్లయినా విడుదల చూడలేదు. "నేను పోత, నువ్వు సదువుకో" అన్నాడు బాపు. ఆ మాటతో నాకు చదువు మీదే విరక్తి పుట్టింది.

నన్ను కన్న మా అవ్వ మాత్రం మోకాళ్లూనింది. "ప్రభువా, నా పెనిమిటిని దొర కాడ కట్టెయ్యకు, నా కొడుకును ఇంట్ల కూసోబెట్టకు, ఇద్దర్ల ఎవరినీ ఇడువలేను తండ్రీ" అని ఆమె చేసిన ప్రార్థన నాకు ఇప్పటికీ వినబడుతుంది.

మన ఆడవాళ్లు వండేముందు ప్రభువు పేర పిడికెడు బియ్యం కుండలో వేసి ఆదివారం మందిరానికి తెస్తారు కదా, ఆ యేడు అదంతా అమ్మి నా ఫీజు కడదామన్నారు మా పాస్టరు అయ్యగారు, విశ్వాసులందరూ సరేనన్నారు.

బస్తాలు బండికెత్తి జనగామకు తోలుదామనుకున్న పొద్దున పోలీసులు మందిరం చుట్టుముట్టారు. ఇంటింటా బియ్యం పోగుచేస్తున్నారంటే అది దళాలకే అని వాళ్ల అనుమానం. బియ్యమే కాదు, అయ్యగారిని కూడా పట్టుకుపోయేటట్టు ఉన్నారు.

ఆ పోలీసులను వెంటేసుకొచ్చిన జమేదారు ఒక బస్తా విప్పి పిడికెడు తీశాడు. సన్నవి, దొడ్డువి, నూకలు, జొన్నలు అన్నీ కలిసి ఉన్నాయి.

"గిదేంది, గిట్ల కలిపిండ్రు?"

అవ్వ ముందుకొచ్చింది. "ఎవలింట్ల ఏం ఉడికితే గదే తెచ్చిండ్రు సర్కార్. గిది నా కొడుకు సదువు ఫీజు."

ఆయన గుప్పిట్లోని గింజలు చూశాడు, నన్ను చూశాడు, ఏ కాలేజీ అని అడిగాడు, చెప్పాను. ఆ పిడికెడు తిరిగి బస్తాలో పోసి తన మనుషులను తీసుకుని వెళ్లిపోయాడు. ఆయన మనసు మెత్తబరిచింది ఎవరు సహోదరులారా? దేవునికే మహిమ.

బండి కడుతుంటే అవ్వ నవ్వింది. "జమేదారు గూడ పిడికెడు ఏసిపోయిండు బిడ్డా, ఆయన కోసం గూడ ప్రార్థన చెయ్యి." ఇప్పటికీ చేస్తున్నాను. ఆ గింజలు అమ్మిన డబ్బుతోనే నా ఫీజు కట్టాం, బాపు దొర గడప తొక్కలేదు, తన చెలక తానే దున్నుకుని నిమ్మళంగా ప్రభువులో నిద్రించాడు.

బిడ్డల ఫీజుల గురించి దిగులుపడే తల్లిదండ్రులారా, ఇంటి మనిషిని తాకట్టు పెట్టకముందు ఆ భారం ప్రభువుకు చెప్పండి, ఆయన మందిరంలో చెప్పండి. రేపు ఎసరు పెట్టేటప్పుడు మీరూ ఒక పిడికెడు పక్కకు తీయండి, అది ఎవరి బిడ్డకో ఆయనకు తెలుసు.