కాలని బట్ట

నా చిన్నప్పుడు మా ఊళ్లో ఇథనాల్ అన్న మాట ఎవరూ విని ఉండరు. ఇప్పుడు జనగామలో బంకు దగ్గర నిలబడితే చాలు, పెట్రోల్లో అది కలిపి బండ్లు పాడు చేస్తున్నారని ఒకరు, ఏమీ కాదని ఇంకొకరు వాదులాడుకోవడం వినిపిస్తుంది. ఆ మాటలు వింటుంటే నాకు జఫర్‌గఢ్ దగ్గరి మా ఊరు, అక్కడి ఒక మధ్యాహ్నం గుర్తొస్తాయి. పేరు తెలియకుండానే ఆ రోజు మేమంతా దాన్ని చూశాం.

ఆ ఏడు ఊళ్లో ఎడ్లు వరుసగా చచ్చిపోయాయి. పశువుల డాక్టరు కోసం ఎవరూ పోలేదు, మంత్రగాణ్ణి పిలిపించారు. అతను మా పక్కింటి అవ్వ బాణామతి, అంటే చేతబడి, చేస్తోందన్నాడు. నా అన్నవాళ్లు లేని ముసలామె. నాకు రోజూ జొన్నరొట్టె ముక్క చేతిలో పెట్టేది. బాణామతి చేసినట్టు తేలితే, నోరు మంత్రం పలకకుండా పళ్లు పీకడం అప్పట్లో మా వైపు ఆచారం. పట్టకారు తెచ్చి అరుగు మీద పెట్టారు కూడా.

ఇంటికో పేలిక తెమ్మన్నాడు మంత్రగాడు. దాన్ని కుండలోని మంత్రజలంలో ముంచి, కర్రకు చుట్టి, నిప్పంటిస్తాడు. తప్పు చేయనివాళ్ల పేలిక కాలదట. ఒక్కో పేలికా నీలిమంటతో మండి, ఆరిపోయి, చెక్కుచెదరకుండా మిగిలింది. జనం దండాలు పెట్టారు. అవ్వ వంతు రాగానే అతను పక్కనే పెట్టుకున్న రెండో కుండ దగ్గరికి జరిగాడు.

అది మా బాపు కనిపెట్టాడు. మంత్రగాడి భుజం మీది కండువా లాగి, ఆ రెండో కుండలోనే ముంచి అంటించాడు. నీలిమంట పసుపుగా మారింది. కండువా బూడిదయింది.

“గిప్పుడు జెప్పు స్వామీ, నీ పళ్లెవలు పీకాలె?”

అవ్వ పేలికను బాపే మొదటి కుండలో ముంచి వెలిగించాడు. అది కాలలేదు. రెండు కుండల్లోనూ ఉన్నది స్పిరిటేనని, కర్పూరంతో వాసన దాచాడని, మొదటిదాంట్లో సగం నీళ్లేనని అందరికీ చెప్పాడు. మండేది స్పిరిట్ ఆవిరి. నీళ్లుంటే ఆ వేడిని అవి లాక్కుంటాయి, గుడ్డ బతుకుతుంది. నీళ్లు తక్కువైతే గుడ్డా మండుతుంది. సారాలో మత్తెక్కించేదీ, ఈనాడు పెట్రోల్లో కలుపుతున్నదీ ఆ సరుకే. అందులో దేవుడూ లేడు, దయ్యమూ లేదు. మంత్రగాడు కుండలు వదిలేసి దారి పట్టాడు. మా బాపు గెలిచాడని నేను పొంగిపోయాను.

సాయంత్రం అవ్వ వచ్చి మా గడపలో కూర్చుంది.

“నా పేలిక కాలకపాయె బిడ్డా. కాలితే పళ్లు పీకనిచ్చెటోనివా?”

“లేదవ్వా,” అన్నాడు బాపు.

“మరి గా మాట ముందుగాల ఎందుకు జెప్పకపోతివి?”



పెద్దయ్యాక నేనూ స్పిరిట్ సీసా, అగ్గిపెట్టె పట్టుకుని మరిపెడ దాకా, భూపాలపల్లి దాకా, ఎవరి మీదైనా బాణామతి నింద పడిన ఊళ్లెన్నో తిరిగాను. ఎక్కడికి పోయినా సంచి విప్పకముందే ఒక మాట చెబుతాను: గుడ్డ కాలినా, కాలకపోయినా, ఈ మనిషి మీద చెయ్యి పడడానికి వీల్లేదు. ఆ మాటకు ఊరు ఒప్పుకున్నాకే అగ్గిపుల్ల గీస్తాను.