నా బిడ్డ రక్తపింజరను రెండుసార్లు కొలిచింది

ఈ రోజు నా పానం పోయి వచ్చింది! నా బిడ్డ పాముల మీద పరిశోధన చేస్తది. పొద్దున ఎయిర్‌పోర్టు గోడ పక్క చెలకల రక్తపింజరను పట్టి, దాని తలను ప్లాస్టిక్ గొట్టంలకు ఎక్కించి, "బాపు, నేను కొలుస్త, నువ్వు రాయి" అన్నది. నేను పుస్తకం దిక్కు చూడకుంటనే అంకె గీకిన. పామును సంచిల వేసినంక పుస్తకం చూసి నవ్వింది.

"ఏంది బాపు, ఇది మూడా, ఎనిమిదా?"

"నేను నీ వేళ్లనే చూస్తున్న బిడ్డా, అంకెను ఎవరు చూసిండ్రు!"

ఇగ నా వంకర అంకె కోసం మళ్ల సంచి విప్పింది. పామును మళ్ల గొట్టంలకు ఎక్కించి కొలిచింది. ఈసారి "ఎనభై మూడు సెంటీమీటర్లు" అని అక్షరాల్లో రాసిన. పామును వదిలినంక బిడ్డను పట్టుకొని ఏడ్చిన, నవ్విన. ఇంత ధైర్యం ఎవరి నుంచి వచ్చిందో, నా నుంచైతే కాదు! మీ పిల్లలు మిమ్మల్ని ఎప్పుడన్న గిట్ల వణికించిండ్రా?